డిస్కు ప్లేయరు కొనేముందు బీరువా తెరవండి

మా అమ్మకి సినిమాలంటే ప్రాణం. మ్యాట్నీకి వెళ్ళాలంటే పొద్దున్న పదింటికల్లా వంట ముగించి, మమ్మల్ని ముగ్గురినీ తయారుచేసి, రిక్షాలో కుక్కి తీసుకెళ్ళిన మనిషి. అలాంటిది కిందటి దసరాకి తెనాలి వెళ్ళేసరికి, రాత్రి ఏడింటికి టీవీ ముందు కూర్చుని ఏదో డబ్బింగ్ సీరియల్ చూస్తోంది. చూస్తోందని పేరేగాని చూపంతా ఒళ్ళో ఉన్న చిక్కుడుకాయల మీదే. "ఇదేంటమ్మా, ఇవెప్పట్నుంచీ చూస్తున్నావ్?" అన్నాను. "ఏదొస్తే అదేగా చూడ్డం" అంది.

చూడ్డానికి మామూలు మాటే. కానీ నాకెందుకో గుచ్చుకుంది. ఎందుకంటే ఆ ఇంట్లో సినిమాలు లేక కాదు. బీరువా కింది అరలో పాత వాయిలు చీర ముక్కలో మూటకట్టి అరవై పైచిలుకు డిస్కులున్నాయి. అన్నీ నాన్నగారు కొన్నవే. 2007 ప్రాంతాల్లో మోజర్ బేర్ వాళ్ళు సినిమా వీసీడీ 28 రూపాయలకీ, డీవీడీ 34 రూపాయలకీ అమ్మడం మొదలుపెట్టినప్పుడు మీలో చాలామంది ఇళ్ళకీ ఇలాగే వచ్చి ఉంటాయి. నాన్నగారు బడిపంతులు. పైసా పైసా లెక్క. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా ఫరవాలేదు, ఆరు రూపాయలు మిగులుతాయి కదా అని ఎక్కువగా వీసీడీలే తెచ్చేవారు. ఆ ఆరు రూపాయల ఆదా నా చేత ఇరవై ఏళ్ళకి ఎంత ఖర్చు పెట్టించిందో ముందు ముందు చెబుతాను.

ఆ మూటలోనే, సినిమాలకి పక్కగా, మా చెల్లాయి పెళ్ళి వీసీడీలు మూడున్నాయి. 2001లో జరిగిన పెళ్ళి. అప్పగింతల దగ్గర నాన్నగారు వియ్యంకుడి చేతులు పట్టుకుని నాలుగు మాటలు మాట్లాడతారు. ఆయన ఫోటోలు చాలానే ఉన్నాయి గానీ గొంతు మాత్రం ఆ మూడో డిస్కులో తప్ప ఇంకెక్కడా లేదు. నాన్నగారు పోయి ఆరేళ్ళయింది. పాత ప్లేయరు ట్రే బయటికి రావడం మానేసి రెండేళ్ళయింది. అంటే రెండేళ్ళుగా అమ్మ ఆ గొంతు వినలేదన్నమాట. ఎవరితోనూ అనలేదు. అంటే మేం డబ్బు ఖర్చు పెడతామని భయం.

బెంగళూరులో ఉన్న మా తమ్ముడు మంచివాడే. అమ్మకి 32 అంగుళాల కొత్త టీవీ కొనిపెట్టాడు. అందులో సినిమాల యాప్‌లన్నీ వేసిచ్చాడు. కానీ అది నెలకోసారి "మళ్ళీ లాగిన్ అవ్వండి" అంటుంది. ఆ ఓటీపీ బెంగళూరులో వీడి ఫోనుకొస్తుంది. వీడు మీటింగులో ఉంటాడు. అమ్మ రెండుసార్లు ఫోన్ చేసి, మూడోసారి మానేసి సీరియల్ పెట్టుకుంటుంది. డెబ్బై నాలుగేళ్ళావిడ తన ఇంట్లో, తన కుర్చీలో కూర్చుని, తనకిష్టమైన 'మిస్సమ్మ' చూడాలంటే ఇంకో రాష్ట్రంలో ఉన్న కొడుకు అనుమతి కావాలి. ఇదేం సౌకర్యమో మీరే చెప్పండి!

సరే, ప్లేయరు కొందామని హైదరాబాదు రాగానే మావారితో అన్నాను. ఇక్కడే నేను తప్పు చేశాను. "కొందాం" అని ఊరుకోకుండా "మీరే చూడండి, నాకేం తెలుసు" అన్నాను. మన నోటికి అలవాటైపోయిన మాట కదా అది! మిక్సీ అయితే మోటారు ఎన్ని వాట్లని అడిగి, గిన్నె మూత తిప్పి చూసి కొంటాం. టీవీ, ప్లేయరు, ఫోను అనేసరికి మగవాళ్ళ శాఖ అనుకుంటాం. మన్నడిగేదల్లా "ఎక్కడ పెడదాం?" అని ఒక్కటే.

మావారు నాలుగు రాత్రులు ఫోనులో పరిశోధన చేసి, పండగ తగ్గింపు ధరలో 4కే బ్లూరే ప్లేయరు తెప్పించారు. ఇరవై వేలు దాటింది. డబ్బా మీద అక్షరాలు చూస్తే రాకెట్టుకి కావలసిన సామానేమో అనిపించింది. సంక్రాంతికి తీసుకెళ్ళి అమర్చాం. డీవీడీలు నాలుగు పెట్టాం, బాగానే ఆడాయి. వీసీడీ పెడితే గిర్రున తిరిగి "ఈ డిస్కు చదవలేను" అంది. ఇంకోటి పెట్టాం, అదే మాట. పెళ్ళి డిస్కు పెట్టాం, అదే మాట. పుస్తకం తిరగేసి చూస్తే, చదివే డిస్కుల జాబితాలో వీసీడీ అన్న మాటే లేదు. కంపెనీది తప్పనలేను, ఎప్పుడో అచ్చువేసి పెట్టారు. చూడనిది మేమే. "పోన్లెండి బాబూ, డీవీడీలు వస్తున్నాయిగా" అంది అమ్మ, అల్లుడు చిన్నబుచ్చుకుంటాడని. మూడో డిస్కుని మాత్రం కొంగుతో తుడిచి మళ్ళీ మూటలో పెట్టింది.

ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, ఈ వ్యవహారమేమిటో నేనే తెలుసుకోవాలని. తీరా తెలుసుకుంటే ఇందులో బ్రహ్మవిద్యేం లేదు. చుక్కల ముగ్గు పెట్టగలిగిన ఎవరికైనా అర్థమయ్యేదే.

తెర మీద బొమ్మంటే చుక్కలే. మన వీసీడీలో అడ్డంగా 352, నిలువుగా 288 చుక్కలు, అంటే లక్ష చుక్కల ముగ్గు. డీవీడీలో 720, 576 చుక్కలు, నాలుగు లక్షల పైచిలుకు. బ్లూరే అంటే 1920, 1080 చుక్కలు, ఇరవై లక్షలు దాటుతాయి. 4కే డిస్కులో ఎనభై మూడు లక్షలు. ఎన్ని చుక్కలుంటే ముగ్గు అంత చిక్కగా ఉంటుంది, నిజమే. కానీ వాకిలెంతుందో చూసుకోవద్దూ? మా తమ్ముడు కొన్న 32 అంగుళాల టీవీ "హెచ్‌డీ రెడీ" రకం. అంటే దాని వాకిట్లో పట్టేవే 1366, 768 చుక్కలు, పదిన్నర లక్షలు. ఎనభై మూడు లక్షల చుక్కల డిస్కు తెచ్చి పెట్టినా అది కుదించి పదిన్నర లక్షలే చూపిస్తుంది. మిగతా డబ్బు గోదాట్లో పోసినట్టే. మీ టీవీ ఏ రకమో దాని డబ్బా మీదో, వెనక అంటించిన కాయితం మీదో, సెట్టింగుల్లోనో రాసి ఉంటుంది. కొట్టుకి బయల్దేరే ముందు చూసుకోండి.

ఇంకో మాట. "మా ప్లేయరు మామూలు డీవీడీని కూడా హెచ్‌డీ చేసేస్తుంది" అని కొట్టువాళ్ళు ఊరిస్తారు. దాన్ని అప్‌స్కేలింగ్ అంటారు. పప్పుచారులో నీళ్ళు పోసినట్టే అది. నలుగురి చారు పదిమందికి సరిపోతుంది, పప్పు మాత్రం పెరగదు. ఉన్న చుక్కల మధ్య ఇవీ ఉండొచ్చని ఊహించి కొత్త చుక్కలు నింపుతుంది, అంతే. మంచి ప్లేయరు నునుపుగా నింపుతుంది. అంచులు మెట్లు మెట్లుగా లేకుండా కనిపిస్తాయి. అది చిన్న లాభమేం కాదు, నేనూ ఒప్పుకుంటాను. అలాగని నాన్నగారి 28 రూపాయల డిస్కులో లేని సావిత్రి కంటి మెరుపుని ఏ యంత్రమూ పుట్టించలేదు.

మరి బ్లూరేలో ఏముంది అంత గొప్ప? డీవీడీ మీద గీతల్ని చదివేది ఎర్ర లేజరు. బ్లూరేకి వాడేది నీలం, ఊదా కలిసిన రంగు లేజరు. దాని తరంగం చిన్నది కాబట్టి మరీ సన్నటి గీతలు కూడా చదవగలుగుతుంది. సన్నటి సూదితో చిన్న జేబురుమాలు మీద ఎక్కువ పువ్వులు కుట్టినట్టు. అందుకే ఒక పొర డీవీడీలో 4.7 జీబీ పడితే, అంతే సైజు బ్లూరేలో 25 జీబీ పడుతుంది. 2006లో ఇది బజార్లోకొచ్చినప్పుడు తోషిబా వాళ్ళ హెచ్‌డీ డీవీడీ అని పోటీ ఇంకోటుండేది. 2008 ఫిబ్రవరిలో తోషిబా చేతులెత్తేసింది. అందుకని ఇప్పుడు హెచ్‌డీ డిస్కంటే బ్లూరేనే. పాత సామాన్ల కొట్టులో ఎవరైనా హెచ్‌డీ డీవీడీ ప్లేయరు చవగ్గా ఇస్తానంటే ఆమడ దూరం పరిగెత్తండి.

కానీ అసలు ప్రశ్న అది కాదు. మన బీరువాలో ఏముంది అన్నది అసలు ప్రశ్న. తెలుగులో 'బాహుబలి' రెండు భాగాల్లాంటివి కొన్ని బ్లూరేలో వచ్చాయి. వాటిని పెద్ద తెర మీద చూస్తే తేడా కళ్ళకి కడుతుంది. కానీ మన అమ్మలు, అత్తలు మళ్ళీ మళ్ళీ చూడాలనుకునే 'గుండమ్మ కథ' లాంటివి ఇళ్ళల్లో ఉన్నవి వీసీడీల్లోనూ డీవీడీల్లోనే. కొత్త సినిమాలు డిస్కులుగా రావడం దాదాపు ఆగిపోయింది. 34 రూపాయలకి డీవీడీ అమ్మిన కంపెనీ కూడా 2018లో దివాలా తీసి మూతపడింది. కాబట్టి ఇంట్లో డిస్కులే లేనివాళ్ళు ముచ్చటపడి ప్లేయరు కొనకండి. రెండు నెలల తర్వాత దాని మీద పూలకుండీ పెడతారు. డిస్కులు ఉన్నవాళ్ళు మాత్రం వాటిని చిత్తుకాగితాల వాడికి వేసే ముందు ఒక్కసారి ఆగండి.

ఎందుకాగాలంటే, "అన్నీ ఫోన్లో ఉన్నాయిగా" అనేవాళ్ళ మాట సగమే నిజం. ఈవేళ ఉన్న సినిమా ఒప్పందం అయిపోతే రేపు కనిపించదు. చందాలు ఉన్నచోట ఉండవు. ప్రైమ్ చందా ఏడాదికి 999 రూపాయలుండేది, 2021 డిసెంబరులో ఒక్కసారిగా 1,499 అయింది. 2025 జూన్ నుంచి దానిలోనూ ప్రకటనలు మొదలయ్యాయి, అవి వద్దనుకుంటే ఇంకో 699 కట్టమన్నారు. నేనేమీ వాటికి శత్రువుని కాను. మా ఇంట్లోనూ రెండున్నాయి. కానీ అది అద్దె కొంప. డిస్కు ఎంత పాతదైనా సొంత ఇల్లు.

సరే, నా రెండో ప్రయత్నం. ఈసారి మావారిని తోడుకి మాత్రమే తీసుకుని, కోఠీ గుజరాతీ గల్లీకి నేనే వెళ్ళాను. సంచీలో అయిదు డిస్కులు: ఒక సినిమా వీసీడీ, ఒక డీవీడీ, చెల్లాయి పెళ్ళి మూడో డిస్కు, తమ్ముడి పెళ్ళికి ఫోటోగ్రాఫరు తనే రాసిచ్చిన డీవీడీ, మా అక్కయ్య కొడుకు దగ్గర అడిగి తెచ్చిన 'బాహుబలి' బ్లూరే. మొదటి కొట్టువాడు "డిస్కులెందుకమ్మా, అన్నీ వస్తాయి" అన్నాడు. "వస్తే చూపించు బాబూ" అన్నాను. పెట్టడానికి ఒప్పుకోలేదు. నమస్కారం పెట్టి వచ్చేశాను. చీరకొనేటప్పుడు మడత విప్పనివ్వని కొట్లో కొంటామా?

మూడో కొట్టాయన ఓపికమంతుడు. వాడేసిన బ్లూరే ప్లేయరొకటి చూపించాడు. అయిదు డిస్కులూ వరసగా పెట్టాడు. వీసీడీ ఆడింది, పెళ్ళి ఆడింది, బ్లూరే ఆడింది. తమ్ముడి పెళ్ళి డీవీడీ మాత్రం సగంలో ముక్కలు ముక్కలైంది. "తప్పు ప్లేయరుది కాదమ్మా, ఇంట్లో రాసిన డిస్కులకి లోపల రంగుపూత ఉంటుంది, ఏళ్ళు గడిస్తే వెలిసిపోతుంది" అన్నాడాయన. సినిమా కంపెనీవాళ్ళవి అచ్చుపోసినవి, అవి ఇంత తొందరగా పోవట. మనవి మాత్రం పోతాయి. ఈ ఒక్క మాట విన్నందుకే ఆ మధ్యాహ్నం ఎండ మర్చిపోయాను. మీ ఇంట్లో పెళ్ళిళ్ళవీ, ఓణీల ఫంక్షన్లవీ డిస్కులుంటే ఈ వారమే పిల్లలచేత కంప్యూటర్లోకి, పెన్‌డ్రైవ్‌లోకి, వీలైతే రెండు చోట్లకి ఎక్కించండి. ప్లేయరు తర్వాత కొనుక్కోవచ్చు.

ధర 3,800 రూపాయలన్నాడు, 3,500కి ఇచ్చాడు. మరో వెయ్యి తక్కువలో కొత్త డీవీడీ ప్లేయరే వస్తుంది కదా అని మావారు చెవిలో అన్నారు. నిజమే, బ్లూరే డిస్కులు ఒక్కటీ లేనివాళ్ళకి హెచ్‌డీఎంఐ ఉన్న డీవీడీ ప్లేయరు చాలు, నేనూ అదే చెబుతాను. నా ఆశల్లా అక్కయ్య కొడుకు దగ్గర మూలపడున్న డిస్కుల మీద. వాడు వాటిని చూసేది కూడా ప్లేయరులో కాదు, ఆటల పెట్టెలో. ప్లేస్టేషన్ 4లో బ్లూరేలు, డీవీడీలు ఆడతాయి. ప్లేస్టేషన్ 5లో డిస్కు అర ఉన్న రకమైతే 4కేవి కూడా. ఆటలాడే కుర్రాడున్న ఇంట్లో వేరే ప్లేయరు అక్కర్లేకపోవచ్చు, అడిగి చూడండి. వీసీడీ మాత్రం దాన్లో నడవదు. ఆ ఆటల బుర్రపిడి అమ్మ చేతికివ్వడం నాకు ఊహకే అందలేదనుకోండి.

అమెరికా నుంచి పిల్లలు తెస్తామంటే మాత్రం ఆలోచించండి. అక్కడి కరెంటు 120 వోల్టులు. ప్లేయరు వెనక 100 నుంచి 240 అని లేకపోతే ఇక్కడ పెట్టగానే పొగ వస్తుంది. పైగా ఈ డిస్కులకి ప్రాంతాల పంపకం ఒకటుంది. డీవీడీలో అమెరికా ఒకటో నంబరు, మనది అయిదు. బ్లూరేలో వాళ్ళది ఏ, మనది సి. అన్ని ప్రాంతాలకీ చెల్లే డిస్కులు చాలానే ఉంటాయి గానీ, ప్రాంతం కట్టేసిన డిస్కయితే ప్లేయరు మొండికేస్తుంది. 4కే డిస్కులకి మాత్రం ఈ గోల లేదు.

పాత డబ్బా టీవీ ఇంకా నడుస్తున్న ఇళ్ళవాళ్ళకీ ఒక జాగ్రత్త. 2014 నుంచి తయారైన బ్లూరే ప్లేయర్లలో బొమ్మకి పెట్టే పసుపు పిన్ను దాదాపు ఉండదు, హెచ్‌డీఎంఐ ఒక్కటే. ఆ తీగ మీ టీవీకి లేకపోతే డీవీడీ ప్లేయరుతో సర్దుకోవడమే మేలు. వాడేసింది కొంటున్నప్పుడు ట్రే మూడు నాలుగుసార్లు తెరిచి మూసి చూడండి, అసలు రిమోటు ఉందో లేదో అడగండి. రిమోటు లేని ప్లేయరు సగం ప్లేయరే. ఒప్పో 2018లో, శాంసంగ్ 2019లో కొత్త బ్లూరే ప్లేయర్లు చెయ్యడం మానుకున్నాయి. కొట్లలో రకాలు తగ్గిపోతున్నాయి గనక వాడేసినవాటి వైపు చూడక తప్పదు. అలా చూసేటప్పుడు రిపేరు చేసే మనిషి ఊళ్ళో ఉన్నాడా అన్నది డబ్బా మీది అక్షరాలకంటే ముఖ్యం.

రిమోటు అన్నాను కదా, దాని సంగతి. నేను కొట్లో అమ్మకి వీడియో కాల్ చేసి రిమోటు చూపించాను. "ఆడించే బొత్తం ఏది, ఆపేది ఏది, పైకి కనబడుతున్నాయా?" అని అడిగాను. మావారు నవ్వారు. ఇరవై వేల ప్లేయరు కొనేటప్పుడు ఆవిణ్ణి ఇలా ఒక్క మాట అడిగి ఉంటే ఇరవై వేలు మిగిలేవని నేనూ నవ్వాను. ఆ 4కే పెట్టె మా ఇంటికొచ్చేసింది. దానికోసం పెద్ద టీవీ కొనాలని మావారు ఇప్పుడు కొత్త పరిశోధన మొదలుపెట్టారు. ఈసారి నేను కూడా పక్కనే కూర్చుంటున్నాను.

ఉగాదికి తెనాలి వెళ్ళి కొత్తది, అంటే పాతది, అమర్చాం. బ్లూరే పెడితే బొమ్మ రావడానికి చాలాసేపు పడుతుందని, ఈలోపల పాలు పొంగిపోతాయని అమ్మ ఫిర్యాదు. డిస్కుని గుండ్రంగా తుడవకూడదు, మధ్యనుంచి అంచుకి నిలువుగా తుడవాలని చెప్పాను. మెత్తటి పాత పంచె ముక్క చింపి ప్లేయరు పక్కన మడతపెట్టుకుంది. కాగితం ముక్క మీద "ఎర్ర బొత్తం, మూత తెరిచే బొత్తం, మూడు మూలల బొత్తం" అని తనే రాసుకుని టీవీ బల్లకి అంటించింది. మేం బయల్దేరే రోజు పొద్దున్న నేను స్నానం చేసి వస్తుంటే హాల్లోంచి సన్నాయి వినిపించింది. వెనకాలే నాన్నగారి గొంతు. "అమ్మాయి చిన్నది, బావగారూ, తెలియక ఏదైనా అంటే..." అంటున్నారు. అమ్మ వంటింటి గుమ్మంలో నుంచుని వింటోంది. చేతిలో రిమోటు, చేతులకి ఇడ్లీ పిండి.

"ఆ బొత్తాలకి పిండి అంటుకుంటుందమ్మా" అన్నాను.

"నువ్వుండవే, ఆయన చెప్పేది విననీ" అంది.